డిమినిష్డ్ కార్డ్ కనబడిన చోటల్లా డిమినిష్డ్ స్కేల్ వద్దు

తరువాత చదివేవారికి సందర్భం తెలియడం కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతూ ఆదివారాలు కాజీపేటలో చర్చి బృందానికి, మిగతా రోజుల్లో కాలేజీ బ్యాండ్‌కు గిటార్ వాయిస్తున్నారు. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నారు. వీడియోలు చూసి డిమినిష్డ్ స్కేల్ అనే ఎనిమిది స్వరాల వరుసను పైకీ కిందికీ వేగంగా వాయించగలుగుతున్నారు గాని, పాటలో జి, జి షార్ప్ డిమినిష్డ్ 7, ఎ మైనర్ 7, డి7 అనే కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరుస వచ్చినప్పుడు జి షార్ప్ కార్డ్ మీద ఆ స్కేల్ అందుకుంటే పాడేవాళ్లు తడబడుతున్నారు. స్కేల్ తప్పా, వేళ్లు తప్పా, ఇది మన రాగాల్లో దేనికి దగ్గర అన్నవి మీ మూడు సందేహాలు.

వేళ్లు తప్పు కాదు. స్కేల్ కూడా సరైనదే. దాన్ని పెట్టిన చోటే సరికాదు. అదే వరుసలో ఆ స్కేల్‌కు చక్కగా సరిపోయే చోటు ఇంకొకటి ఉంది, అది చివర వచ్చే డి7. ఎందుకో తెలియాలంటే స్కేల్‌ను కాసేపు పక్కన పెట్టి కార్డ్ నుంచి మొదలుపెట్టాలి.

గిటార్ పట్టిన మొదటి నెలలోనే అందరూ నేర్చుకునే ఓపెన్ డి7 పట్టండి: నాలుగో తీగ ఖాళీగా, మూడో తీగ 2వ ఫ్రెట్, రెండో తీగ 1వ ఫ్రెట్, మొదటి తీగ 2వ ఫ్రెట్. ఇప్పుడు ఖాళీగా ఉన్న నాలుగో తీగను 1వ ఫ్రెట్‌లో నొక్కండి. డి అనే స్వరం ఇ ఫ్లాట్ అయింది, మిగతా మూడు స్వరాలు కదలలేదు, కార్డ్ మాత్రం డిమినిష్డ్ 7 అయిపోయింది. అందులోని నాలుగు స్వరాలు ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, ఎ, సి. ఒక్కొక్క దాని మధ్య సరిగ్గా మూడు ఫ్రెట్ల దూరం. అందుకే ఈ పట్టును మూడు ఫ్రెట్లు పైకి జరిపితే అవే నాలుగు స్వరాలు వరుస మారి వస్తాయి, ఇంకో మూడు జరిపినా అంతే. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నిలబడ్డ నాలుగు కీర్తితోరణాల నడుమ నిలుచున్నవాడికి ఎటు చూసినా ఒకే ద్వారం కనబడినట్టు, ఈ కార్డ్‌లో ఏ స్వరం నుంచి చూసినా ఒకే ఆకారం కనబడుతుంది. దిక్కు తెలిసేది బయటికి అడుగు వేసినప్పుడే.

ఆ అడుగును కూడా చేతితోనే చూడవచ్చు. 1-2-1-2 పట్టులో నాలుగు స్వరాల్లో ఏ ఒక్కదాన్నైనా ఒక ఫ్రెట్ దించండి, డి7 జాతికి చెందిన ఒక డామినెంట్ 7 కార్డ్ వస్తుంది. ఇ ఫ్లాట్ దించితే డి7. మొదటి తీగ మీది ఎఫ్ షార్ప్ దించితే ఎఫ్7. మూడో తీగ మీది ఎ దించితే ఎ ఫ్లాట్ 7. రెండో తీగను ఖాళీగా వదిలితే మనందరికీ తెలిసిన ఓపెన్ బి7 పై భాగం. అమెరికన్ జాజ్ గిటారిస్టు ప్యాట్ మార్టినో (1944–2021) గిటార్ ఫ్రెట్‌బోర్డును అర్థం చేసుకోవడానికి ఇటువంటి సౌష్ఠవాన్నే ఆధారంగా తీసుకున్నాడు. స్కేల్ పాఠాలు వంద చూసినవారు కూడా ఈ ఒక్క ప్రయోగం చేయకుండా ముందుకు పోతుంటారు. నా ఉద్దేశంలో స్కేల్ కంటే ముందు దీనికే ఒక వారం ఇవ్వాలి.

ఇప్పుడు స్కేల్. డి7 స్వరాలైన డి, ఎఫ్ షార్ప్, ఎ, సి లకు పై ప్రయోగంలో వచ్చిన మిగతా మూడు డామినెంట్ కార్డ్‌ల స్వరాలన్నీ కలిపితే మొత్తం ఎనిమిది తేలుతాయి: డి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎఫ్ షార్ప్, ఎ ఫ్లాట్, ఎ, బి, సి. ఒక ఫ్రెట్, రెండు ఫ్రెట్లు, ఒక ఫ్రెట్, రెండు ఫ్రెట్లు అని చివరిదాకా నడిచే వరుస ఇది. డి నుంచి మొదలుపెడితే ముందు ఒక ఫ్రెట్ వస్తుంది కనుక దీన్ని హాఫ్-హోల్ అంటారు. అవే స్వరాలను ఇ ఫ్లాట్ నుంచి వాయిస్తే ముందు రెండు ఫ్రెట్లు వస్తాయి, అప్పుడు హోల్-హాఫ్ అంటారు. పేర్లు రెండైనా సరుకు ఒకటే. మూడు ఫ్రెట్లకొకసారి అదే వరుస తిరిగి వస్తుంది కాబట్టి ప్రపంచం మొత్తం మీద ఉన్న డిమినిష్డ్ స్కేళ్లు మూడే. పన్నెండు శ్రుతుల్లో పన్నెండు సార్లు సాధన చేయవలసిన అవసరం లేదు. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ శ్రుతి మార్పుకు పరిమితి ఉన్న స్వరవరుసలను లెక్కపెట్టినప్పుడు దీనికి రెండో స్థానం ఇవ్వడానికి కారణం కూడా ఈ లక్షణమే. అంతకు చాలా ముందే రష్యాలో రిమ్‌స్కీ-కోర్సకోవ్ దీన్ని విరివిగా వాడాడు.

పేర్ల గందరగోళం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. ఇంటర్నెట్‌లో వెతికితే పియానిస్టు బ్యారీ హ్యారిస్ బోధించిన సిక్స్త్-డిమినిష్డ్ స్కేల్ కూడా ఎదురవుతుంది. అది మేజర్ స్కేల్‌కు ఒక స్వరం చేర్చిన వేరే ఎనిమిది స్వరాల వరుస. డిమినిష్డ్ హోల్-టోన్ అని రాసి ఉంటే అది ఆల్టర్డ్ స్కేల్‌కు మరో పేరు. ఈ రెండింటినీ ఇప్పుడు ముట్టుకోకండి.

మీ పాటలో ఇబ్బంది పెట్టిన జి షార్ప్ డిమినిష్డ్ 7 దగ్గరికి వద్దాం. అది అక్కడ నిలబడడానికి రాలేదు. జి నుంచి ఎ మైనర్‌కు తీసుకుపోవడానికి వచ్చింది. అందులోని జి షార్ప్, బి, డి, ఎఫ్ స్వరాల కింద బేస్‌లో ఇ మోగిస్తే అది ఇ7 ఫ్లాట్ 9 అవుతుంది, అంటే ఎ మైనర్‌కు దారి చూపే కార్డ్. దాని మీద మీరు వాయించిన హోల్-హాఫ్ స్కేల్‌లో ఎ షార్ప్, సి షార్ప్ ఉన్నాయి. ఒక్క క్షణంలో ఎ మైనర్ రాబోతుంటే, అందులోని సి కి బదులు సి షార్ప్ వినిపించి మీరు ఎ మేజర్‌ను ప్రకటిస్తున్నారు. పాడేవారి చెవికి ఆ స్వరాల్లో రెండింటికి అసలు ఆధారమే లేదు, అందుకే తడబాటు. జాజ్ వాయించేవారు ఇటువంటి చోట కూడా ఆ స్కేల్ వాడతారు, శాస్త్రప్రకారం దాన్ని తప్పనలేము. కానీ పల్లవి గొంతు మీద నడిచే మన పాటల్లో అది అతకదని నా గట్టి అభిప్రాయం.

అక్కడ కావలసింది ఎ ని షడ్జంగా పెట్టుకున్న కీరవాణి: ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి షార్ప్. పాశ్చాత్యులు దీన్నే హార్మోనిక్ మైనర్ అంటారు. డిమినిష్డ్ కార్డ్ నాలుగు స్వరాలూ ఇందులోనే ఉన్నాయి, మిగిలిన మూడూ వచ్చే కార్డ్‌కు చెందినవే. ఇలా వాయించి చూడండి: రెండో తీగ మీద 6, 5, 3 ఫ్రెట్లు, మూడో తీగ 4, నాలుగో తీగ 6, అక్కడి నుంచి ఎ మైనర్ పడేసరికి నాలుగో తీగ 7. అంటే ఎఫ్, ఇ, డి, బి, జి షార్ప్, ఆపైన ఎ. ఇంతే. కీరవాణి మీరు గొంతుతో పాడిన రాగమే కాబట్టి ఇక్కడ వేళ్లకు ఫ్రెట్ల లెక్క ఎక్కువ చెప్పవలసిన పని లేదు. సినిమా పాటల్లోనూ చర్చి పాటల్లోనూ రెండు కార్డ్‌ల నడుమ దూరే డిమినిష్డ్ చాలావరకు ఈ జాతిదే: ఒక ఫ్రెట్ పైనున్న మైనర్‌కు వెళుతుంటే ఆ మైనర్ కీరవాణి పట్టుకోండి.

డి7 సంగతి వేరు. అది పాట తన షడ్జమైన జి మేజర్‌కు చేరే ముందు మెట్టు. అక్కడ ఎంత ఉద్రిక్తత పెంచితే చేరినప్పుడు అంత నిమ్మళం. డి హాఫ్-హోల్‌లో డి7 స్వరాలు నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటికి అదనంగా ఇ ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్ అనే మూడు కారపు స్వరాలు, బి అనే ఒక తీపి స్వరం ఉన్నాయి. ఆ బి జి మేజర్‌లోని గాంధారం; రాబోయే మేజర్‌ను ముందే పలికిస్తుంది. డి7 తరువాత జి మైనర్ వచ్చే పాటల్లో ఈ స్కేల్ ఎందుకు అతకదో కూడా ఈ బి వల్లనే తెలుస్తుంది. అక్కడ జి కీరవాణి మేలు.

ఒక వాక్యం ఇస్తాను. నాలుగు బీట్ల డి7 లో బీట్‌కు రెండు స్వరాల చొప్పున ఎనిమిది: మొదటి తీగ 8, 7, 5, రెండో తీగ 9, 7, 6, మూడో తీగ 8, 5. తరువాతి బార్ మొదటి బీట్ మీద, జి కార్డ్ పడుతుండగా, మూడో తీగ 4. స్వరాలుగా చెబితే సి, బి, ఎ, ఎ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ ఫ్లాట్, సి, ఆపైన బి. ఇందులో గమనించవలసింది స్వరాల వరుస కంటే అవి తాళంలో పడిన చోటు. నాలుగు బీట్ల మీద పడినవి సి, ఎ, ఎఫ్ షార్ప్, ఇ ఫ్లాట్, అంటే మొదట్లో మీరు ఓపెన్ డి7 నుంచి చేసుకున్న డిమినిష్డ్ కార్డ్ స్వరాలే. వాటి నడుమ పడినవి దారిన పోయేవి. ఎనిమిది స్వరాల స్కేల్ నాలుగు బీట్ల బార్‌లో సరిగ్గా ఇముడుతుంది, కనుక ఆ డిమినిష్డ్ కార్డ్ స్వరంతో మొదలుపెడితే ప్రతి బీట్ మీదా ఆ కార్డ్ స్వరమే పడుతూ పోతుంది. డి తోనో, ఎఫ్ తోనో మొదలుపెడితే బీట్ల మీద ఆ స్కేల్‌లోని రెండో డిమినిష్డ్ కార్డ్ మోగి డి7 చెదిరిపోతుంది. చాలామంది వాయించేటప్పుడు అన్నీ సరైన స్వరాలే అయినా ఏదో అతకనట్టు వినిపించడానికి కారణం ఇది. తాళం వేస్తూ పాఠం చెప్పుకున్న మీకు దీన్ని పట్టుకోవడం తేలిక: ముందు చేతితో తాళం వేస్తూ నోటితో పాడండి, తరువాత గిటార్ తీయండి.

స్కేల్‌ను వరుసగా వాయించడం ఇష్టం లేకపోతే దానిలో దాగిన మేజర్ ట్రయాడ్లు (మూడు స్వరాల కార్డ్‌లు) నాలుగున్నాయి: డి, ఎఫ్, ఎ ఫ్లాట్, బి. డి7 మోగుతుండగా పై మూడు తీగల మీద బి మేజర్ పట్టండి, అంటే మూడో తీగ 4, రెండో తీగ 4, మొదటి తీగ 2. అక్కడి నుంచి జి మేజర్‌కు, అంటే 4, 3, 3 కు వెళ్లండి. బి కదలదు, ఇ ఫ్లాట్ ఒక ఫ్రెట్ దిగి డి అవుతుంది, ఎఫ్ షార్ప్ ఒక ఫ్రెట్ ఎక్కి జి అవుతుంది. కాగితం మీద ఇది డి13 ఫ్లాట్ 9 అనే భయపెట్టే పేరు గల కార్డ్. చేతిలో మాత్రం రెండు వేళ్ల కదలిక. చర్చి పాటకు నేనైతే స్కేల్ కంటే దీన్నే ఇష్టపడతాను.

ఇక రాగం ప్రశ్న. ఈ స్కేల్ మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) కాలేదు, కారణం స్వరాలు ఎనిమిది. డి ని షడ్జం అనుకుంటే వచ్చేవి షడ్జం, శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. షడ్జానికీ మధ్యమానికీ నడుమ మూడు స్వరాలు ఉన్నాయి, మేళంలో రెండింటికే చోటు. ఆ మూడింటిలో ఒకదాన్ని తీసేయండి, చక్కని మేళకర్త మిగులుతుంది. అంతర గాంధారం తీస్తే 46వ మేళం షడ్విధమార్గిణి. సాధారణ గాంధారం తీస్తే 52వ మేళం రామప్రియ. శుద్ధ రిషభం తీస్తే, మిగిలిన సాధారణ గాంధారమే షట్శ్రుతి రిషభంగా నిలిచి, 70వ మేళం నాసికాభూషణి. మూడింటిలో డి7 మీద నేరుగా పనికొచ్చేది రామప్రియ: డి, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, ఎ ఫ్లాట్, ఎ, బి, సి. ఎనిమిది స్వరాలు బరువనిపిస్తే దీనితో మొదలుపెట్టండి. ఇక్కడ షడ్జం డి అన్నది మరవద్దు, పాట షడ్జం జి. తంబురా శ్రుతి డి లో పెట్టుకుని సాధన చేస్తే ఇది క్రమంగా రాగంగా స్థిరపడిపోయి, జి వైపు లాగే గుణం పోతుంది. అది అందమైన అనుభవమే, కాని మీకు ఇప్పుడు కావలసింది ఆ లాగుడే. అందుకే తంబురా కంటే ఫోన్‌లో డి7 ఒక బార్, జి ఒక బార్ మీరే రికార్డు చేసుకుని, అదే మళ్లీ మళ్లీ మోగేలా పెట్టుకుని, నిమిషానికి 60 బీట్ల మీద వాయించండి.

వేళ్ల పట్టు గురించి కొంచెమే చెబుతాను, వీడియోల్లో కావలసినంత ఉంది. తీగకు నాలుగు స్వరాల పట్టు అన్నింటికంటే గుర్తుంటుంది: ఆరో తీగ మీద 4, 5, 7, 8, ఐదో తీగ మీద 5, 6, 8, 9, నాలుగో తీగ 6, 7, 9, 10, మూడో తీగ 7, 8, 10, 11, రెండో తీగకు వచ్చేసరికి ఒకటి కాదు, రెండు ఫ్రెట్లు జరిగి 9, 10, 12, 13, మొదటి తీగ 10, 11, 13, 14. ఎ ఫ్లాట్ నుంచి మొదలైనా ఇది మన డి స్కేలే. నాలుగు వేళ్లు ఐదు ఫ్రెట్లలో పరుచుకోవాలి, మధ్య వేలికీ ఉంగరం వేలికీ నడుమ ఒక ఫ్రెట్ ఖాళీ. తీగలు ఎత్తుగా ఉన్న అకూస్టిక్ మీద ఇది మణికట్టుకు నొప్పి తెస్తుంది. నొప్పి వస్తే ఆపేయండి, మూడు ఫ్రెట్లు పైకి జరిగి అదే పట్టు, అవే స్వరాలు వాయించుకోండి. అయితే ఈ పట్టు సాధనకే తప్ప పాటకు కాదు. ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా ఒకే ఆకారం పాకుతుంటే వినేవారికి రెండో తీగ చేరకముందే సంగతి తెలిసిపోతుంది. ఒకే చిన్న పలుకును మూడు ఫ్రెట్ల చొప్పున పైకి జరిపే చిట్కా కూడా అంతే: రెండుసార్లు జరిపితే ఉత్కంఠ, నాలుగుసార్లు జరిపితే సైరన్.

బ్లూస్ వాయించేటప్పుడు దీనికి మరో మంచి చోటు ఉంది. ఎ లో పన్నెండు బార్ల బ్లూస్‌లో నాలుగో బార్ ఎ7, ఐదో బార్ డి7. ఆ నాలుగో బార్ చివరి రెండు బీట్లలో ఎ హాఫ్-హోల్ వాయించి డి7 లోని ఎఫ్ షార్ప్ మీద ఆగండి. మీకు తెలిసిన మైనర్ పెంటాటోనిక్‌లోని ఎ, సి, ఇ, జి, దానికి చేర్చే బ్లూ స్వరం, సి షార్ప్ అన్నీ ఇందులో ఉన్నాయి కనుక చెవికి ఉలికిపాటు ఉండదు.

బృందంలో వాయించేటప్పుడు మాత్రం కీబోర్డు వాయించే అతనితో ముందే మాట్లాడుకోండి. ఆరాధన పాటల్లో చాలామంది కీబోర్డు వాద్యకారులు డి7 కు బదులు ఎడమ చేతితో డి, కుడి చేతితో సి మేజర్ పట్టు వేస్తారు. అందులో ఇ, జి ఉంటాయి. మీ స్కేల్‌లో ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్ ఉంటాయి. రెండూ ఒకేసారి మోగితే ఎవరిది తప్పో తేల్చలేని రణగొణ. అతను ఆ పట్టే వేస్తానంటే మీరు మేజర్ స్కేల్‌తో సరిపెట్టుకోండి, పాట అతనిది. అతను డి, సి, ఎఫ్ షార్ప్ మాత్రమే పట్టి మిగతాది మీకు వదిలితే ఎనిమిది స్వరాలూ వాడుకోవచ్చు. వరంగల్ ఎన్‌ఐటీ ఉత్సవం స్ప్రింగ్ స్ప్రీ వంటి వేదిక మీద డిస్టార్షన్ పెట్టినప్పుడు నాలుగు స్వరాల డిమినిష్డ్ కార్డ్ పట్టకండి, ముద్దైపోతుంది. ఎఫ్ షార్ప్, సి రెండే పట్టండి, నాలుగో తీగ 4, మూడో తీగ 5. జి కి చేరేటప్పుడు ఎఫ్ షార్ప్ ఒక ఫ్రెట్ ఎక్కి జి, సి ఒక ఫ్రెట్ దిగి బి. ఇక డప్పు మీద నాలుగైదు స్వరాలతో నడిచే జానపదాలకు ఇదేదీ అవసరం లేదు, అక్కడ కార్డే అతిథి.

మీ వరుసకు మొత్తం ఇలా కూర్చుకోండి: జి మీద మామూలు జి మేజర్, జి షార్ప్ డిమినిష్డ్ మీద ఎ కీరవాణి, ఎ మైనర్ 7 మీద మళ్లీ జి మేజర్ స్వరాలే, డి7 మీద మొదటి రెండు బీట్లు అవే స్వరాలు, చివరి రెండు బీట్లలో మాత్రం ఎఫ్ షార్ప్, ఎఫ్, ఇ ఫ్లాట్, సి; బి మీద ఆగండి. ఆ నాలుగు స్వరాలు పాడేవారిని తడబడనివ్వకుండా పడుతున్నాయని తేలిన తరువాత ముందున్న రెండు బీట్లకు కూడా స్కేల్‌ను విస్తరించండి.